కవరు కప్పిన క్వాడ్ బండి

మా బావగారు ఇంటికి కొత్త వస్తువు తెస్తే ఆ వస్తువు కొత్తగానే ఉంటుంది, దాని చుట్టూ తిరిగే మేం పాతబడిపోతాం. బావగారంటే మా ఆయనకు అన్నయ్య. మనిషి చెడ్డవారు కాదు. ఒకరి సొమ్ముకు ఆశపడరు, ఒకరి గురించి చాటున మాట్లాడరు. ఆయనకున్న రోగం ఒక్కటే. కొత్త వస్తువు మీద వచ్చిన ప్లాస్టిక్ కవరు ఎవర్నీ తియ్యనివ్వరు.

హాల్లో సోఫా ఉంది. దాని రంగు నీలం అని చెబుతారు. నేను కాపురానికొచ్చి ఇన్నేళ్ళయినా ఆ గుడ్డ నా వేలికి తగల్లేదు. పైన మందపాటి ప్లాస్టిక్ ఉంటుంది, ఎండాకాలం దాని మీద కూర్చుని లేస్తే కాళ్ళ వెనక తోలు ఊడి వస్తుందేమో అనిపిస్తుంది. టీవీ రిమోట్‌కి ఒక కవరు, ఆ కవరు మాసిపోతుందని దాని మీద రబ్బరు బ్యాండు చుట్టిన ఇంకో కవరు. ఏ బటను నొక్కుతున్నామో కనబడదు కాబట్టి మా ఇంట్లో ఎప్పుడూ ఒకటే ఛానెల్ వస్తుంది. గోడ గడియారం అద్దం మీద షాపులో అంటించిన పల్చటి పొర ఇంకా అలాగే ఉంది. మధ్యాహ్నం దాని మీద వెలుగు పడితే టైమెంతో పక్కింటివాళ్ళని అడగాలి. పెళ్ళి చేసుకుంటే ఇంట్లో సామాన్లు పాడవుతాయని అన్నయ్య పెళ్ళే మానేశాడని మా ఆయన నాతో అంటుంటాడు. ఆ మాటేదో అన్నయ్య ముందే అనండి అంటే మాత్రం మా ఆయనకి దగ్గు వస్తుంది.

మాది మొక్కల నర్సరీ. కింద రోడ్డు పక్కన ఇల్లు, ఇంటి ముందు అమ్మకం కొట్టు. ఇంటి వెనక కొండవాలు, ఆ వాలు పైన ఆకుపచ్చ నెట్టు కట్టిన షెడ్లు. మొక్కలు పెరిగేది పైన, అమ్ముడుపోయేది కింద. మట్టి, ఎరువు, ఖాళీ కుండీలు పైకి ఎక్కాలి, పెరిగిన మొక్కలు కిందికి దిగాలి. మా ఆయన పైన అంట్లు కడతాడు, చెయ్యి మంచిదని పేరు. బావగారు కింద కొట్టులో కూర్చుంటారు. మధ్యలో ఎక్కడం, దిగడం నా వంతు. అందుకు నాకో తోపుడు బండి ఇచ్చారు. ఎక్కేటప్పుడు దాన్ని నేను తోసేదాన్ని, దిగేటప్పుడు నన్ను అది తోసేది. పొద్దున్నే మంచం దిగాలంటే ముందు ఒక కాలు కింద పెట్టి, కాసేపు ఆలోచించి, అప్పుడు రెండోది పెట్టాల్సి వచ్చేది.

ఒకరోజు నేను వంగిన నడుం వంగినట్టే ఉండిపోయి వంటింటి గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. మా అత్తయ్య చూసింది. ఆవిడ మోకాళ్ళు పోయి చాలాకాలం నుంచి కొండెక్కడం మానేసింది, రోజంతా ఆ ప్లాస్టిక్ సోఫా మీదే. అక్కడి నుంచే పెద్దకొడుకుని పిలిచింది.

"ఒరేయ్ పెద్దోడా, ఈ పిల్ల నడుం విరిగితే దానికే కవరు వేస్తావురా?"

బావగారు ఆ వారంలోనే షోరూంకి వెళ్ళి క్వాడ్ బండి కొనుక్కొచ్చారు. అమ్మ మాటంటే ఆయనకి తిరుగులేదు. నేను చెప్పాగా, చెడ్డవారు కాదని.

బండి ఎలా ఉందంటారా, మోటారు సైకిలు హ్యాండిలు పెట్టి, ట్రాక్టరు తమ్ముడికి తొడిగినట్టు నాలుగు లావుపాటి టైర్లు తొడిగారు. ముందూ వెనకా సామాన్లు కట్టుకోవడానికి ఇనప ర్యాకులు, మధ్యలో ఇద్దరు కూర్చునే సీటు. చేత్తో నొక్కే క్లచ్చు లేదు, ఒక్కొక్క గేరూ మార్చే బాధ లేదు. లోపల రెండు కప్పీలు, వాటి మీద వెడల్పాటి రబ్బరు బెల్టు. క్లచ్చు ఆ కప్పీల్లోనే ఉంటుందట. ఎక్సలరేటరు నొక్కితే కప్పీ బెల్టుని గట్టిగా పట్టుకుంటుంది, బండి కదులుతుంది. వదిలేస్తే పట్టు సడలి ఆగుతుంది. కొండ ఎక్కడానికి మెల్లగా లాగే గేరు ఒకటి విడిగా ఉంది. ఇదంతా షోరూం మేనేజరు చెప్పాడు. మెడలో టై, చేతిలో ట్యాబు, మాటకి ముందో "సార్", మాటకి వెనకో "సార్".

నడిపేది ఎవరన్న ప్రశ్న వచ్చింది. మా ఆయనకి సైకిలంటేనే భయం. బావగారికి తనెక్కితే సీటు నలుగుతుందని భయం. చివరికి నేనే మిగిలాను. హ్యాండిలు పట్టుకుని బటను నొక్కాను, అది గుర్రుమంది. బొటనవేలితో కొంచెం నొక్కితే కదిలింది, ఇంకొంచెం నొక్కితే కొండ మీదికి నన్ను మోసుకుపోయింది. నన్ను మోసింది. ఇంతకాలం ఆ వాలు మీద నేను మొయ్యనిది లేదు, నన్ను మోసింది మాత్రం అదొక్కటే. పైకెళ్ళాక ఎవరూ చూడకుండా కాసేపు ఏడ్చాను. సంతోషానికే. చెప్పుకోవడానికి నాకేం సిగ్గులేదు.

ఆ సంతోషం మూడురోజుల ముచ్చటైంది. బండి తెచ్చిన మర్నాడే బావగారు సోఫా కవర్లు కుట్టే దర్జీని పిలిపించారు. అతను మెడలో టేపు వేసుకుని పెళ్ళికొడుక్కి సూటు కుట్టడానికొచ్చినట్టు బండి చుట్టూ తిరిగి కొలతలు తీసుకున్నాడు. ముందు బంపరు దగ్గర్నుంచి వెనక ర్యాకు దాకా మందపాటి ప్లాస్టిక్ షీటుతో ఒంటికి అతుక్కునేలా కుట్టాడు. హ్యాండిలుకి కంత, లైట్లకి కంతలు, పొగ గొట్టానికి కంత. ముందు ర్యాకు కింద, హ్యాండిలుకి కాస్త దిగువన, చిన్న జల్లెడలాంటిది ఒకటుంది. దర్జీ దాని మీద వేలు పెట్టి "ఇక్కడేం చెయ్యమంటారు?" అని అడిగాడు. "దుమ్ము లోపలికి పోయేది అందులోంచే. దానికి రెండు పొరలు వెయ్యి" అన్నారు బావగారు. దర్జీ రెండు పొరలు వేసి, చుట్టూ దారంతో గట్టి కుట్టు కుట్టాడు. పక్కన నిలబడి చూసిన నేను కూడా శ్రద్ధంటే ఇదీ అనుకున్నాను. నాకేం తెలుసు.

తాళంచెవికి కూడా చిన్న ప్లాస్టిక్ సంచి కుట్టించారు. తాళం పెట్టే చోట సంచితో సహా తిప్పాలి. అది సగం సార్లు తిరిగేది కాదు.

కవరు వేసిన కొద్దిరోజులకే వాసన మొదలైంది. మట్టి బస్తాలు వేసుకుని సగం ఎక్కేసరికి రబ్బరు కాలిన కంపు. ఇంజను అరుస్తుంది, బండి మాత్రం అక్కడే ఉంటుంది. మా ఆయన వాళ్ళన్నయ్యతో గొడవపడ్డప్పుడు ఇలాగే ఉంటుంది, నోరు పనిచేస్తుంది, కాళ్ళు కదలవు. రెండు మూడుసార్లు అలా జారీ జారీ, చివరికి లోపల టప్పుమని ఏదో తెగింది. బస్తాలతో పాటు బండి వెనక్కి రాబోతే బ్రేకు పట్టుకుని, టైరు వెనక రాయి పెట్టి, కిందికి నడిచొచ్చాను.

"ఎలా నడిపావమ్మా?" అన్నారు బావగారు. నీకేమైనా అయిందా అని కాదు.

సర్వీసు సెంటరుకి పంపే ముందు ఆయన ఒక పని చేశారు. కవరు మొత్తం జాగ్రత్తగా విప్పి, తడిగుడ్డతో తుడిచి, మడతపెట్టి బీరువాలో పెట్టారు. మెకానిక్కుల చేతులకి గ్రీజు ఉంటుందట, కవరు మాసిపోతుందట. బండిని కాపాడ్డానికి కవరు, కవరుని కాపాడ్డానికి బీరువా. బీరువా మీద ఏం కప్పారని మీరడిగితే నేను చెప్పను.

సర్వీసు సెంటర్లో కొత్త బెల్టు వేశారు. కవరు లేని బండిని మేనేజరు స్వయంగా నడిపి చూశాడు. వెనక ఆవరణలో ఎత్తు ఉంటే దాని మీదికి ఎక్కించాడు, దించాడు, మళ్ళీ ఎక్కించాడు. వెన్నలా నడిచింది. "చూశారా సార్, బండిలో ఏ లోపమూ లేదు" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, చిన్నపిల్లలకి చెప్పినట్టు నెమ్మదిగా, "అమ్మగారూ, ఎక్సలరేటర్ని ప్రేమగా నొక్కాలి" అన్నాడు. ఒళ్ళు మండింది. అత్తగారింటికొచ్చిన దగ్గర్నుంచి అన్నీ ప్రేమగానే చేస్తున్నాను, ఇదొక్కటే మిగిలిందా అని అడుగుదామనుకున్నాను. పక్కన బావగారున్నారని మింగేశాను.

ఇంటికి రాగానే బీరువాలోంచి కవరు బయటికొచ్చింది. వారం తిరక్కుండా రెండో బెల్టూ పోయింది.

ఈసారి నేను ప్రేమకేం తక్కువ చెయ్యలేదు. మెల్లగా లాగే గేర్లోనే పెట్టాను. మోసే బరువు సగానికి తగ్గించాను. మధ్యలో ఆగి చల్లారనిచ్చాను. అయినా అదే కంపు, అదే అరుపు, అదే టప్పు. మళ్ళీ కవరు విప్పడం, తుడవడం, మడతపెట్టడం, సర్వీసు సెంటరు. క్లచ్చు కూడా నల్లగా మాడిందని ఈసారి అదీ మార్చారు. మేనేజరు ట్యాబులో ఏదో చూసి పెదవి విరిచాడు.

"సిస్టంలో అంతా ఓకే చూపిస్తోంది సార్. ఇలాంటి కేసుల్లో మేం ఒకటే రాస్తాం. డ్రైవింగు స్టైలు."

"అంటే?" అన్నాను.

"అంటే మీ చెయ్యి, అమ్మగారూ" అన్నాడు మర్యాదగా. ఆ వెంటనే బావగారితో, "సాయంత్రం మీకో ఫోనొస్తుంది సార్. మా సర్వీసుకి పదికి ఎన్ని మార్కులు ఇస్తారని అడుగుతారు. తొమ్మిదిచ్చినా మాకు అక్షింతలు పడతాయి. పది ఇవ్వండి సార్" అన్నాడు.

బావగారు పది ఇచ్చారు. కొట్టులో కూర్చుని, ఫోనుకున్న కవరు మీదే చెవి ఆనించి, "సర్వీసు చాలా బాగుంది, మా వాళ్ళే సరిగ్గా నడపలేదు" అని చెప్పడం నేను విన్నాను. చేతిలో కుండీ ఉంది. పగలగొట్టలేదు, అది అమ్మాల్సిన కుండీ.

ఆరోజు భోజనాల దగ్గర ఆయన తీర్పు చెప్పేశారు. ఆదివారం బండి ఆయనే నడుపుతారు. అమ్మని వెనక కూర్చోబెట్టుకుని పై షెడ్ల దాకా వెళ్ళి వస్తారు. బెల్టు నిలబడితే తప్పు చేతిదని తేలిపోయినట్టే. అప్పుడు బండి నడపడం వచ్చిన మనిషినెవర్నైనా పెట్టుకుంటారు, ఆ మనిషి దొరికేదాకా నేను మళ్ళీ తోపుడు బండి తీసుకోవాలి.

"ఏమంటావమ్మా?" అని నన్నడిగారు కూడా.

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన కంచంలోకి చూశాడు. ఆ కంచంలో అంత చూడాల్సిందేముందో నాకర్థం కాలేదు.

"బావగారూ, మీ ఇష్టం" అన్నాను. ముద్ద కంచంలోనే వదిలేశాను. బండి పోతుందని కాదు. ఇంట్లో అందరూ కలిసి నీ చెయ్యి మంచిది కాదని తేల్చేసి, ఏమంటావమ్మా అని అడిగితే ఎలా ఉంటుందో పడ్డవాళ్ళకే తెలుస్తుంది. ఈ చెయ్యి ఆ కొండకి మట్టి మోసింది. పైన ఉన్న ప్రతి మడికీ నీళ్ళు పెట్టింది. ఒక బెల్టు కోసం అది పనికిరాని చెయ్యి అయిపోయింది.

మర్నాడు చూద్దును కదా, షెడ్డు పక్కన తోపుడు బండిని తిరగేసి మా ఆయన దాని చక్రాలకి నూనె వేస్తున్నాడు.

"ఏం చేస్తున్నారు?"

"ఒకవేళ మళ్ళీ నువ్వే తొయ్యాల్సొస్తే తేలిగ్గా ఉంటుందని" అన్నాడు. నా మీద జాలితోనే అన్నాడు, అదే నాకు మరీ మంటగా ఉంది. నా తరఫున ఒక్క మాట అనడానికి నోరు రాలేదు కానీ నూనె డబ్బా పట్టుకోవడానికి చెయ్యి వచ్చింది. ఆరోజంతా నేను ఆయనతో మాట్లాడలేదు. ఆయన అది గమనించలేదు, అంట్లు కట్టుకుంటున్నాడు.

ఆదివారం ఎండ పొద్దున్నుంచే చురచురలాడుతోంది. బావగారు చేతులకి గ్లవ్స్ తొడుక్కున్నారు, హ్యాండిలు మాసిపోకుండా. అత్తయ్యని నేనూ మా ఆయనా చెరో భుజం పట్టి వెనక సీటు మీదికి ఎక్కించాం. మా ఆయన అడ్డదారిన ముందే పైకి వెళ్ళిపోయాడు, అంటు ఎండిపోతుందని వంక. నేను బండి వెనకాల నడిచాను. మొక్కలు కత్తిరించే కత్తెర ఎప్పటిలాగే నడుముకి ఉంది. ఎందుకొచ్చానంటే, నా తీర్పు నేను దగ్గరుండి విందామని.

బావగారు నడపడం చూడాలి. తెల్లటి దుప్పటి మీద సిరా బుడ్డి పట్టుకుని నడుస్తున్నట్టు నడుపుతున్నారు. నేను నడిచినా ముందుకెళ్ళిపోతున్నాను, కావాలని ఆగి వెనకబడాల్సి వస్తోంది. మొదటి మలుపు దాటింది. వాసన లేదు. ఆయన వెనక్కి తిరిగి నన్ను చూసి తలాడించారు, చూశావా అన్నట్టు. నిజం చెబుతున్నాను, ఆ క్షణంలో బెల్టు తెగిపోతే బాగుండునని మనసారా కోరుకున్నాను. వెనకాల అత్తయ్య కూర్చుని ఉందని కూడా గుర్తు రాలేదు.

రెండో మలుపు దగ్గర కంపు మొదలైంది. సన్నగా ముందు, తర్వాత ముక్కు పగిలేలా. ఇంజను గొంతు పెంచింది. బండి ఇంత ముందుకి, ఆగడం, ఇంత ముందుకి, ఆగడం.

"అమ్మా, కొంచెం ముందుకి జరుగు" అన్నారు బావగారు. "బరువంతా వెనకే ఉంది."

"నా బరువు ఇప్పుడొచ్చిందేం కాదురా" అంది అత్తయ్య.

"ఈ బండి పాత డ్రైవింగుకి అలవాటు పడిపోయిందమ్మా. దాన్ని మళ్ళీ దార్లో పెట్టాలి" అన్నారాయన. ఆ పాత డ్రైవింగుని నేనే. వెనకాల నిలబడి వింటున్నాను.

బండి పూర్తిగా ఆగిపోయింది. ఆయన ఇంజను ఆపేశారు, దిగారు, చుట్టూ తిరిగి చూశారు. కవరు మీద ఎక్కడో మట్టి చుక్క కనబడితే జేబురుమాలుతో తుడిచారు. అత్తయ్య ఎండలో ఆ ప్లాస్టిక్ సీటు మీద కూర్చుని ఉంది. మొహం ఎర్రబడిపోయింది, చీర ఒంటికి అతుక్కుపోయింది. నేను దగ్గరికెళ్ళి చెయ్యి అందిస్తే లేవబోయింది. తొడ వెనక కవరు చర్రుమని ఊడింది. ఆవిడ కళ్ళు మూసుకుని ఓర్చుకుంది, ఆ ఓర్పు నాకు బాగా తెలిసిందే. రోజూ సోఫా మీంచి లేచేటప్పుడు అలాగే లేస్తుంది.

కింద నిలబడ్డాక ఆవిడ బండి ముందు భాగం మీద చెయ్యి పెట్టి వెంటనే తీసేసింది.

"ఒరేయ్ పెద్దోడా, దీనికి నా జబ్బే వచ్చిందిరా" అంది.

"ఏం జబ్బమ్మా?"

"గాలాడట్లేదు. ఒళ్ళంతా కప్పేస్తే ఉడికిపోదూ? ఆ సోఫా మీద కూర్చుంటే నాకూ ఇలాగే ఉంటుంది. నేను అరవను, ఇది అరుస్తోంది, అంతే తేడా."

బావగారు నవ్వారు. బండికి గాలెందుకమ్మా, గాలి ఉండేది టైర్లకి కదా అన్నారు. మేనేజరు చెప్పిన మాటలు చెప్పారు. సిస్టంలో ఓకే ఉందన్నారు. అత్తయ్య ఆయన మాట పూర్తయ్యేదాకా ఆగి, నా వైపు చెయ్యి చాచింది.

"పిల్లా, ఆ కత్తెర ఇలా ఇయ్యి."

ఇచ్చాను. ఇవ్వకూడదని ఆయన నా వైపు చూసిన చూపు చూసి కూడా ఇచ్చాను. ఆవిడ చేతులు వణుకుతాయి, అందుకని నా చేతిని తన చేతిలోకి తీసుకుంది. ఇద్దరం కలిసి ముందు ర్యాకు కింద కత్తెర పెట్టి కోశాం. దర్జీ గట్టి కుట్టు కుట్టాడు, ఒక పట్టాన తెగలేదు. తెగాక ప్లాస్టిక్ పక్కకి లాగితే లోపలి నుంచి ఆవిరి తగిలినట్టు మొహానికి సెగ కొట్టింది.

జల్లెడ మీద వేసిన రెండు పొరలూ మెత్తబడి, లోపలికి పీల్చుకుపోయి, జల్లెడకి అతుక్కుపోయి ఉన్నాయి. పీకితే ఊడొచ్చాయి. ఆ ప్లాస్టిక్ మీద కంతలన్నీ అచ్చుగుద్దినట్టు దిగి ఉన్నాయి. బండి ఆ కంతల్లోంచి గాలి పీల్చుకుందామని ఎంత తన్నుకుందో చిన్నపిల్లలకి చూపించినా అర్థమవుతుంది. బెల్టుని చల్లబరిచే గాలి అందులోంచే వెళ్ళాలి. మేం దాని ముక్కు మూసి, కొండెక్కమని కొట్టాం. కవరు విప్పి సర్వీసు సెంటరుకి తీసుకెళ్ళి, అక్కడ బాగానే ఉంది చూశారా అని నా చేతికి వంక పెట్టాం.

బావగారు ఆ ముక్క చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. ఆయన ఏదో ఒకటి అంటారని నేను ఎదురుచూశాను. "మంచి షీటు" అన్నారు చివరికి, నెమ్మదిగా. అది ఆయనకి తప్పు ఒప్పుకోవడం అని నాకప్పుడు తెలియలేదు, ఇంకో పది మాటలు నోటిదాకా వచ్చాయి. అత్తయ్య నా మోచెయ్యి నొక్కింది, ఊరుకున్నాను.

మిగతా కవరు కూడా కోసేశాం. లోపల దాక్కున్న బండి బయటికొచ్చింది. ఎర్ర రంగు. ప్లాస్టిక్ కింద ఇన్నాళ్ళూ అది గోధుమరంగులా కనబడేది. చెట్టు నీడలో కూర్చుని అది చల్లారేదాకా ఆగాం.

"ఇక నువ్వెక్కు" అంది అత్తయ్య నాతో. "నేను నీ వెనక కూర్చుంటాను. వాడు నడిచొస్తాడు, కవరు పట్టుకుని."

మెల్లగా లాగే గేర్లో పెట్టి బొటనవేలితో నొక్కాను. కప్పీ బెల్టుని పట్టుకుంది. అరుపు లేదు, జారడం లేదు. కొండెక్కుతున్నాం. అత్తయ్య వెనకనుంచి నా నడుం పట్టుకుంది, ఆ పట్టు బిగిసింది. భయమేస్తోందేమోనని వెనక్కి తిరగబోతే, "ముందుకి చూసి నడుపు" అంది. కాస్త ఎక్కాక తనే మాట్లాడింది.

"వాణ్ణి తిట్టుకోకే. ఆ పిచ్చి వాడికి అంటించింది నేనే. వాళ్ళ నాన్న పోయినప్పుడు ఇంట్లో ఉన్నది ఒక రేడియో. వీడు చిన్నవాడు, దాన్ని కింద పడేశాడు. ఇది పోతే మళ్ళీ కొనడానికి ఇంట్లో ఎవరూ లేరురా అని గుండెలు బాదుకుని ఏడ్చాను వాడి ముందు. మర్నాడు నేనే దానికి గుడ్డ కట్టి, ముట్టుకుంటే చంపుతానన్నాను. అప్పట్నుంచి వాడు అన్నీ కడుతూనే ఉన్నాడు. తియ్యమని చెప్పడానికి నాకే మొహం చెల్లలేదు."

మలుపు దగ్గర హ్యాండిలు తిప్పాను.

పైన మా ఆయన అంటు కడుతూ తలెత్తి చూశాడు. వాళ్ళమ్మ ఎన్నాళ్ళకో షెడ్ల దగ్గర, ఎర్ర బండి మీద, నా వెనక. చేతిలో దారం అలాగే పట్టుకుని నిలబడిపోయాడు. "బెల్టు?" అన్నాడు. "బెల్టుకేం, బాగానే ఉంది" అన్నాను. "తోపుడు బండికి నూనె బాగా వేశారుగా. రేపట్నుంచి మీ అంట్లు మీరే దింపుకోండి, తేలిగ్గా ఉంటుంది." ఆయనకి దగ్గు వచ్చింది. అత్తయ్య ఆ దగ్గు విని నవ్వింది. తర్వాత తను ఒకప్పుడు నాటిన గులాబీ మడుల మధ్యకి నా చెయ్యి పట్టుకుని నడిచి, ఒక్కొక్క మొక్క దగ్గరా ఆగి ఆకు నిమిరింది.

బావగారు చాలాసేపటికి వచ్చారు. చెమటతో తడిసిపోయారు, రొప్పుతున్నారు. చంకలో కవరు ఉంది, ముక్కలన్నీ ఏరి మడతపెట్టారు. వస్తూనే బండికున్న తాళంచెవి తీసి, అలవాటుగా జేబులో వేసుకున్నారు. మనిషిని చూస్తే నాకు కోపం రావాల్సింది. రేడియో గుర్తొచ్చి సగం దిగిపోయింది. మిగతా సగం ఇప్పటికీ ఉంది, ఉంటుంది కూడా. నా చేతిని అన్నమాట అన్నమాటే.

నీళ్ళు తాగి ఆయన కవరుని షెడ్డు మూల పెట్టారు. మళ్ళీ తీసుకోలేదు.

అత్తయ్య ఆరోజు అక్కడే ఉండి సాయంత్రం వస్తానంది, మా ఆయన్ని తోడుంచుకుంటానంది. కింద కొట్టు తెరవాలి, కొనేవాళ్ళొచ్చే టైము. బావగారు బండి దగ్గరికొచ్చి సీటు వైపు చూశారు. ఏ కవరూ లేని సీటు. ముందు వైపు ఎక్కుతారేమో అనుకుని నేను పక్కకి జరిగాను. ఆయన జేబులోంచి రుమాలు తీసి, దులిపి, వెనక సీటు మీద పరిచారు. దాని మీద కూర్చోబోయి ఆగారు. రుమాలు తీసేసి జేబులో పెట్టుకున్నారు. అలాగే కూర్చున్నారు.

ఆయన కూర్చున్నారు కానీ తాళంచెవి ఆయన జేబులోనే ఉండిపోయింది. నేను చెయ్యి చాచలేదు. అడిగి తీసుకోవడం నాకిష్టం లేదు, ఆరోజు అసలే ఇష్టం లేదు.

అప్పుడాయన జేబులో చెయ్యి పెట్టి తాళంచెవి బయటికి తీశారు. ప్లాస్టిక్ సంచి కుట్టు గోటితో చించి, సంచి పక్కన పడేసి, ఉత్త తాళంచెవి నా చేతిలో పెట్టారు.